అర్ధరాత్రి బల్కర్ వచ్చింది.. తెల్లారేసరికి కార్లపై బూడిద! లోపం ఎక్కడ?

మీ అపార్ట్‌మెంట్ దగ్గర్లో రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంట్ ఉందా? అయితే ఈ హోరు మీకు అలవాటే. నగరంలో పగలు భారీ వాహనాలపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి, రాత్రి పొద్దుపోయాక ఉబ్బెత్తు ట్యాంకుతో ఓ పొడవాటి లారీ లోపలికి వెళ్తుంది. కాసేపటికి పెద్ద మోటారు శబ్దం మొదలవుతుంది. పొద్దున చూస్తే కార్లపైనా, బాల్కనీలో ఆరేసిన బట్టలపైనా బూడిదరంగు పొర. కాలనీ వాట్సాప్ గ్రూపులో తిట్లన్నీ ఆ లారీకే.

దాన్ని బల్కర్ అంటారు. సిమెంటు, ఫ్లైయాష్ లాంటి పొడి సరుకును బస్తాలు లేకుండా తెచ్చే బండి ఇది. ఒక్కో ట్రిప్పుకు సుమారు 30 టన్నులు మోస్తుంది. ట్యాంకు పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి దారిలో దుమ్ము రాలదు. (టార్పాలిన్ కప్పుకొని వెళ్తూ రోడ్డు పొడవునా బూడిద రాల్చే లారీలు వేరు. అవి థర్మల్ కేంద్రాల చెరువుల్లోని తడి బూడిదను తెస్తాయి. అది ఆరాక లేస్తుంది.)

మరి ఈ దుమ్ము ఎక్కడిది? సరుకు దించే పద్ధతి తెలిస్తే అర్థమవుతుంది.

మీకు వినిపించే హోరు కంప్రెసర్‌ది. అది ట్యాంకులోకి గాలి నింపి, దాదాపు రెండు కేజీల ప్రెషర్ వరకు తెస్తుంది. ట్యాంకు అడుగున ఉండే గుడ్డ పొరల గుండా గాలి పైకి వస్తుంటే గడ్డకట్టిన పొడి విడిపోయి నీళ్లలా పారుతుంది. వాల్వు తిప్పగానే గొట్టంలోంచి నిలువుగా ఎక్కి సైలోలో పడుతుంది. సైలో అంటే ప్లాంటులో దూరం నుంచే కనిపించే పొడవాటి ఇనుప డబ్బా.

పొడి సైలోలోనే ఉండిపోతుంది. దాన్ని మోసుకొచ్చిన గాలి మాత్రం బయటికి పోవాలి. నిమిషానికి వందల ఘనపుటడుగుల గాలి అది. అందుకే సైలో నెత్తిన బ్యాగ్ ఫిల్టర్ పెడతారు. గాలి దాని సంచుల్లోంచి బయటపడుతుంది, పొడి లోపలే ఆగుతుంది. మీ కారు మీది బూడిద కథంతా ఈ ఫిల్టర్ దగ్గరే ఉంది.

సంచులు చిరిగితే పొడి నేరుగా బయటికొస్తుంది. శుభ్రం చేయక మూసుకుపోతే సైలో లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు సైలో పగలకుండా కాపాడేందుకు పైనున్న సేఫ్టీ వాల్వు తెరుచుకుని గాలితోపాటు పొడినీ వదిలేస్తుంది. ఎంత నిండిందో చెప్పే సెన్సర్ పాడైనా, పట్టేదానికన్నా ఎక్కువ సరుకు ఎక్కించి ఇదే పరిస్థితి తెచ్చుకుంటారు. ఇవన్నీ ప్లాంటు నిర్వహణ లోపాలే.

డ్రైవర్ పాత్ర లేదని కాదు. ట్యాంకు ఖాళీ కావస్తున్నప్పుడు గొట్టంలో పొడి పలచబడి, మిగిలిన గాలంతా ఒక్కసారిగా సైలోలోకి దూసుకెళ్తుంది. మంచి ఫిల్టర్ కూడా అప్పుడు ఉక్కిరిబిక్కిరవుతుంది. ముందే ప్రెషర్ తగ్గించుకుంటూ రావాలి. ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చే మనిషికి, తెల్లారేలోపు నగరం దాటాల్సిన మనిషికి ఆ ఓపిక ఎంత ఉంటుంది? అదే తొందరలో, లోపల గాలి పూర్తిగా పోకముందే పైకెక్కి మూత విప్పితే ఆ మూత ఎగిరి మనిషిని కింద పడేస్తుంది. మనకు బట్టలు మాసిపోవడం, అతనికి ప్రాణం మీదికి రావడం.. రెండింటికీ మూలం ఒక్కటే.

ఈ పొరను మామూలు దుమ్మే అని వదిలేయొద్దు. ఫ్లైయాష్‌లో ఊపిరితిత్తుల్లోకి వెళ్లేంత సన్నని రేణువులు ఉంటాయి, సిలికా కూడా ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ముందు తెలిసేది వాళ్లకే.

ఫిర్యాదు ఎవరికి? తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ప్లాంటు నడవాలంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్ఓ అనుమతి ఉండాలి. దుమ్ము ఆపడానికి ఏమేం చేయాలో అందులో షరతులుగా రాస్తారు. మీ ఏరియా ప్లాంటు సీఎఫ్ఓ కాపీ కోసం మండలికి ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. కాపీ చేతికొచ్చాక, ఏ షరతు తప్పారో రాసి మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ (ఏపీలో పీజీఆర్ఎస్) ఇవ్వొచ్చు.

చాలామంది బల్కర్ నంబరు ప్లేటు ఫొటో తీసి పంపిస్తారు. అది పెద్దగా పనికిరాదు. రేపు ఇంకో బండి వస్తుంది. సైలో పైభాగం నుంచి పొడి లేస్తున్న వీడియో, తేదీ, సమయం ముఖ్యం. రెండు మూడు రాత్రులవి ఉంటే ఇంకా మంచిది. హోరు గురించి కూడా రాయండి: నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. షరతులు పాటించని ప్లాంటును మూసేయమని, కరెంటు ఆపమని ఆదేశించే అధికారం 1981 నాటి వాయు కాలుష్య చట్టంలోని 31ఎ సెక్షన్ కింద మండలికి ఉంది.