చేప కన్న ముందు నీరు

ఆలస్యం అమృతం విషం అన్నది తెలుగువారి నోట తరచు వినిపించే సామెత. ఇంటిలో ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకొనేవారి విషయంలో మాత్రం ఇది తలక్రిందులవుతుంది. అక్కడ తొందరపాటే విషం. ఇది అలంకారం కాదు, రసాయన సత్యం.

2003లో ‘ఫైండింగ్ నీమో’ చిత్రం వచ్చిన తరువాత, నారింజ రంగుపై తెల్లని పట్టెలున్న క్లౌన్ చేప అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకూ నేస్తమయింది. పిల్లవాని పుట్టినరోజుకని గాజుతొట్టి, ఉప్పు, చేప – మూడింటినీ ఒకేనాడు కొని తెచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. కొద్దిరోజులకే చేప చనిపోతే, నీరు అద్దంలా ఉన్నదే అని వారు ఆశ్చర్యపోతారు. తేటదనం కంటికి తెలిసేది. నిర్మలత్వం పరీక్షకు తెలిసేది. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.

చేప తన మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విసర్జిస్తుంది. నీటిలో అది రెండు రూపాలలో ఉంటుంది: విద్యుదావేశం గల అమ్మోనియం అయాను, ఆవేశం లేని అమ్మోనియా. మొప్పల పొరను సులభంగా దాటి ప్రాణం తీసేది రెండవదే. పి.హెచ్. 7 గల మంచినీటిలో దాని పాలు నూటికి ఒక వంతు కన్న తక్కువ. పి.హెచ్. 8.2 ఉండే వెచ్చని సముద్రజలంలో అది నూటికి ఐదు వంతులు దాటుతుంది. కనుక మంచినీటి తొట్టిలో చేప ఓర్చుకొనగల మొత్తమే ఇక్కడ ప్రాణాంతకం కావచ్చు.

దీనికి ప్రకృతి చూపిన విరుగుడు సూక్ష్మజీవులు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగానూ, మరొక జాతి నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. ఇవి ఇసుకలో, రాళ్ళపై స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో చేప ఉండకూడదు; వాటికి ఆహారంగా కొద్దిపాటి అమ్మోనియం క్లోరైడు చాలు. సముద్రజలంలోని క్లోరైడు అయాన్లు అడ్డుపడడం వలన నైట్రైటు అక్కడ స్వయంగా అంత ప్రమాదకారి కాదు. అయితే అది కనిపించినదంటే సూక్ష్మజీవుల పని ఇంకా పూర్తికాలేదన్నమాట. కలిపిన అమ్మోనియా, దాని నుండి పుట్టిన నైట్రైటు ఒక్కరోజులో సున్నాకు దిగినప్పుడే తొట్టి సిద్ధమైనట్లు.

మరి రెండు జాగ్రత్తలు. అమెరికాలో పలు నగరాల కుళాయి నీటిలో క్లోరమిన్ కలుపుతారు. దానిని విచ్ఛిన్నం చేస్తే మిగిలేది మళ్ళీ అమ్మోనియాయే. కావున శుద్ధిచేసిన నీటిలోనే ఉప్పు కలపాలి. తొట్టి నుండి ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఉప్పుమడిలో జరిగేది ఇదే. కనుక తరిగిన మట్టానికి ఉప్పులేని శుద్ధజలమే పోయాలి. విశిష్ట సాంద్రత 1.025 దగ్గర నిలవాలి.

చేపల ఎంపికలోనూ రంగు చూసి మోసపోరాదు. నీలిరంగు టాంగ్ చేప సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరిగి, ఈదడానికి విశాలమైన చోటు కోరుతుంది. మాండరిన్ చేప రాళ్ళలోని సూక్ష్మమైన జలచరాలను తిని బ్రతుకుతుంది. కొత్త తొట్టిలో అది పస్తులుండి చనిపోతుంది. పగడపు దిబ్బల వద్ద సయనైడు చల్లి చేపలను మత్తెక్కించి పట్టే దురాచారం ఫిలిప్పీన్స్‌లో 1960ల నుండి ఉన్నది. కణాల శ్వాసక్రియను స్తంభింపజేసే ఆ విషానికి పగడాలు కూడ బలి అవుతాయి. తొట్లలోనే పుట్టి పెరిగిన క్లౌన్ చేపలు, బంగాయ్ కార్డినల్ చేపలు దొరుకుతుండగా అటువంటి వేటకు డబ్బు పోయడం న్యాయం కాదు.

అన్ని వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ పిల్లలు ఆగలేరన్నది కొందరి అభ్యంతరం. పరీక్షలను పిల్లల చేతనే చేయించడం దీనికి తగిన ఉపాయం. చుక్కలు వేయగానే ఆకుపచ్చగా మారిన నీరు, వారాలు గడిచినకొద్దీ పసుపుగానే నిలవడం చూసి, ఆ అంకెలను గళ్ళ కాగితంపై గుర్తించిన బిడ్డ, కంటికి కనబడని ప్రాణుల శ్రమను తెలుసుకొంటాడు. చనిపోయిన చేపకు బదులు ఆదివారం నాడు మరొకటి తెచ్చిపెడితే ఆ బిడ్డ నేర్చేది వేరు: ప్రాణం అంగడిలో దొరికే వస్తువని. ఏ పాఠం చెప్పాలో నిర్ణయించవలసినది పెద్దలే. నీటిని పరీక్షించే ఓపిక లేనివారు చేపను కొనకపోవడమే మేలు.