ఆరు వారాల సెలవులు, మన ఆటిజం పిల్లలు

జులై సగానికి వచ్చేసరికి లండన్ తెలుగు అమ్మల గ్రూపుల్లో మెసేజ్‌ల వరద మొదలవుతుంది. ఏ సమ్మర్ క్యాంప్ బాగుంటుంది, స్విమ్మింగ్ ఎక్కడ నేర్పిస్తారు, ఇండియా టికెట్లు ఎవరి దగ్గర చవగ్గా దొరికాయి. ఈ హడావుడి మధ్య నాకు విడిగా వచ్చే మెసేజ్‌లు కొన్ని ఉంటాయి. "అక్కా, మా బాబుకి ఆటిజం. ఈ ఆరు వారాలు ఇంట్లో ఎలా నెట్టుకురావాలో తోచట్లేదు." గ్రూపులో అందరి ముందూ అడగడానికి మొహమాటం, నాకు తెలుసు. ఒక్కొక్కరికీ రాసే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. పొడుగు పోస్టే, టీ పెట్టుకుని చదవండి.

నేను డాక్టర్ని కాను, థెరపిస్టునీ కాను. కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేసుకునే మనిషిని. మా బాబుకి తొమ్మిదేళ్ళు. మాటలు తక్కువ, బస్సు నంబర్లు ఎక్కువ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సెలవులు పిల్లవాణ్ణి బాగుచేయడానికి మనకిచ్చిన గడువు అనుకోవడం నాకు నచ్చదు. ఏడాదంతా బడిలో తనకు కష్టమైన పనులు చేసి అలిసిపోయి వచ్చిన పిల్లవాడు వాడు. ఈ ఆరు వారాలు తనకిష్టమైన పని తనకు కావాల్సినన్ని సార్లు చేసుకోనివ్వాలి. రోజుకి ఒక వరస ఏర్పరచి, ఆ ఇష్టానికి అందులో చోటు పెట్టడం వరకే మన పని.

వరస ఎందుకంటారా? బడిలో ఏ పని తర్వాత ఏ పనో గోడ మీద బొమ్మల్లో ఉంటుంది. కోటు తగిలించే కొక్కెం పక్కన తన ఫోటో ఉంటుంది. లంచ్ రోజూ ఒకే టైముకి. ఇప్పుడేంటి, తర్వాతేంటి అన్నది తెలిస్తేనే మన పిల్లల్లో చాలామందికి మనసు కుదుటపడుతుంది. జులై చివర్లో ఒక రోజు అదంతా ఒక్కసారిగా మాయమైపోతుంది. పైగా ఈ దేశంలో ఎండాకాలం రాత్రి 9 దాకా వెలుతురే. పడుకోరా అంటే మావాడు కిటికీ చూపిస్తాడు. వాడి లెక్కలో వాడిది న్యాయమే కదా. (కిటికీలకి వెలుతురు రాని మందపాటి కర్టెన్లు వేయించండి. క్యాంపు ఫీజుల కంటే అవే ఎక్కువ పని చేస్తాయి.)

రెండో వారానికి అరుపులు, చెయ్యి కొరుక్కోవడం, నేల మీద పడి దొర్లడం మొదలవుతాయి. వీడియో కాల్‌లో చూసిన చుట్టాలు "సెలవులొచ్చాక మొండికేస్తున్నాడు" అంటారు. మొండికేసిన పిల్లవాడు అడిగింది చేతిలో పెడితే ఊరుకుంటాడు. వీడు తట్టుకోలేక అరుస్తున్నాడు, ఏమిచ్చినా ఊరుకోలేడు. ఆ తేడా తెలిస్తే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

ఇంకోపక్క మన ఉద్యోగాలు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడులు నడిచేది ఏడాదికి 190 రోజులు. అంటే సెలవులు అటూఇటూగా 13 వారాలు. వారానికి అయిదు రోజులు పనిచేసేవాళ్ళకి చట్టం ప్రకారం తప్పకుండా రావాల్సిన జీతం సెలవులు బ్యాంక్ హాలిడేలతో కలిపి 28 రోజులు. భార్యాభర్తలు ఒక్క రోజు కూడా కలిసి సెలవు పెట్టకుండా పంచుకున్నా 56 రోజులు. పదకొండు వారాలు దాటి ఒక్క రోజు, అంతే. పదమూడు ఎక్కడ నిండుతాయి? అందుకే మా ఇంట్లో శుక్ర, శని, ఆదివారం రాత్రులు నావి, సోమవారం నుంచి శుక్రవారం దాకా పగళ్ళు ఆయనవి. సోమవారం పొద్దున నేను నైట్ దిగి గుమ్మం ఎక్కేసరికి ఆయన బూట్లు వేసుకుని నిలబడి ఉంటారు. ఆ సోమవారాల సంగతి పైవాడికే ఎరుక. డబ్బు పెట్టి క్యాంపుల్లో చేర్పించగలిగే వాళ్ళ కోసం ఈ పోస్టు రాయట్లేదు, ఇలాంటి ఇళ్ళ కోసం రాస్తున్నాను.

మా ఫ్రిజ్ తలుపు మీద ఆరు ఫోటోలు ఉంటాయి. ఇంటర్నెట్ బొమ్మలు కావు. మా ఇంటి బ్రష్షు, మా ఇంటి కంచం, మా వీధి చివర బస్ స్టాప్, నేనే ఫోన్లో తీసి ప్రింట్ వేయించాను. అయిపోయిన పని ఫోటో వాడే తీసి డబ్బాలో వేస్తాడు. ఆరు చాలు, పదిహేను పెడితే మనమే పాటించలేం. వాటితో పాటు ఒక ప్రశ్న గుర్తు కార్డు కూడా ఉంది. వాన పడి పార్కు మానేయాల్సి వస్తే పార్కు ఫోటో మీద అది పెడతాం. మార్పు అనేది కూడా వరసలో ఒక భాగమే అని వాడికి తెలియాలి కదా. సెలవులు మొదలవడానికి ఒక వారం ముందే ఈ ఫోటోలు పెట్టేయండి. ఆగస్టు చివర్లో రెండు మూడు సార్లు బడి గేటు దాకా నడిపించి తీసుకురండి. సెప్టెంబర్ మొదటి రోజు ఏడుపు చాలా వరకు తగ్గుతుంది.

ఇక ఏం చేయించాలి అంటే, ముందు మన వంటింట్లోకి చూడండి. వందల పౌండ్లు పెట్టి కొనే సెన్సరీ బొమ్మల్లో ఉన్నది చాలా వరకు మన పోపుల డబ్బా చుట్టుపక్కలే ఉంది. పెసలు, శనగలు, రాజ్మా ఒక పళ్ళెంలో కలిపిస్తే మావాడు ముప్పావు గంట కదలకుండా వేరు చేస్తాడు. (ఏదైనా నోట్లో పెట్టుకునే పిల్లలైతే ఇది వద్దు.) చపాతీ పిండి పిసకడం వాడి పని. కాటా మీద బియ్యం 250 గ్రాములు తూచడం వాడి పని. 251 వస్తే గింజ గింజా తీసి 250 చేస్తాడు, మనం తొందరపెట్టకూడదు. పెరట్లో సుద్దముక్కతో ఏడు చుక్కల ముగ్గు పెట్టి ఇస్తే గీతలు కలుపుతాడు. మగపిల్లాడికి ముగ్గేంటి అనే వాళ్ళుంటే వాళ్ళని కలపమనండి చూద్దాం. సోమవారాలు వాషింగ్ మెషీన్ ముందు పీట వేసుకుని గుడ్డలు తిరగడం చూస్తాడు, ఆ పక్కనే సోఫాలో నేను కూలబడి ఉంటాను. కుక్కర్ విజిల్ అంటే మాత్రం చెవులు మూసుకుని ఏడ్చేవాడు. ఫ్రిజ్ మీద మూడు అయస్కాంతాలు పెట్టాం. విజిల్ వచ్చినప్పుడల్లా ఒకటి తీసేస్తాడు. మూడు అయిపోతే చప్పుడు అయిపోతుందని వాడికి అర్థమైంది. ఇప్పుడు చెవులు మూసుకునే ఉంటాడు గానీ ఏడవడు.

మధ్యాహ్నం రెండున్నరకి ఊళ్ళో నాయనమ్మకి కాల్. అక్కడ అప్పటికి ఏడు. ఆవిడ "తిన్నావా నాన్నా" అంటుంది, వీడు "తిన్నావా నాన్నా" అని తిరిగి అంటాడు. ఆవిడకి అది జవాబే. పిల్లవాడికి మాటలు రావాలంటే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి అని మనకి సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. నాయనమ్మకి రాని భాష ఇంట్లో పెట్టి, వాడికి నాయనమ్మని లేకుండా చేయడం ఏం వైద్యం?

బయటికి వెళ్ళడం దగ్గరే మనవాళ్ళకి నాతో పేచీ వస్తుంది. లండన్‌లో 11 ఏళ్ళ లోపు పిల్లలకి బస్సు టికెట్ లేదు, పెద్దవాళ్ళతో వస్తే ట్యూబ్‌లో, డీఎల్‌ఆర్‌లో కూడా లేదు. మనకి కూడా గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ. డీఎల్‌ఆర్ రైళ్ళకి ముందు డ్రైవర్ గది ఉండదు, అద్దం పక్క సీటు ఎవరైనా కూర్చోవచ్చు. బెక్టన్‌లో ఎక్కి టవర్ గేట్‌వే దాకా, మళ్ళీ వెనక్కి. ముందు సీటు దొరక్కపోతే ఆ రైలు వదిలేసి తర్వాతది ఎక్కుతాం. ఆఫీసు రద్దీ అయ్యాక బయల్దేరతాం. చెవులకి హెడ్‌ఫోన్, తెలిసిన బిస్కెట్ ప్యాకెట్, నీళ్ళ సీసా, అంతే సామాను. "రోజూ అదే రైలేంటండీ, జూకో లెగోలాండ్‌కో తీసుకెళ్ళొచ్చుగా" అంటారు. అదే రైలు నాలుగోసారి ఎక్కితే విసుగొచ్చేది నాకు. వాడి మొహం చూస్తే మొదటిసారి ఎక్కినట్టే ఉంటుంది. అయినా సెలవులు ఎవరివి?

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అని పశువుల శాస్త్రంలో ప్రొఫెసర్ ఉన్నారు, ఆటిజం ఉన్న మనిషి. టీనేజీలో ఒక వేసవి అరిజోనాలో మారుతండ్రి సోదరి పశువుల క్షేత్రంలో గడిపారు. టీకాలు వేసేటప్పుడు పశువుని రెండు పక్కలా పట్టి ఉంచే చట్రం ఒకటి అక్కడ ఉండేది. దాని మీదే ఆవిడ ధ్యాస. పెద్దవాళ్ళలో చాలామందికి అది పిచ్చిగా కనిపించింది, ఒక సైన్స్ మాస్టారు మాత్రం ఆ ధ్యాసనే చదువు వైపు తిప్పారు. ఆవిడ తర్వాత పశువులు బెదరకుండా నడిచే దొడ్ల డిజైన్లతో ప్రపంచానికి తెలిశారు. మా బాబు రైళ్ళ ఇంజనీర్ అవుతాడని దీన్ని చెప్పట్లేదు. కాకపోయినా వాడి రైలు వాడికుండాలి.

ట్యాబ్ గురించి కూడా ఒక మాట. ఇచ్చామని తల దించుకోవాల్సిన పనేం లేదు. వరసలో దానికీ ఒక ఫోటో పెట్టండి. ఎప్పుడు మొదలో, ఎప్పుడు ఆపాలో పక్కన గడియారం బొమ్మ పెట్టండి.

నాకు కోపం వచ్చేది "45 రోజుల ఇంటెన్సివ్" అని పేరు పెట్టి అమ్మే ప్యాకేజీల మీద. సెలవులు రాగానే పిల్లవాణ్ణి తీసుకుని ఇండియా వెళ్ళడం, రోజుకి అయిదారు గంటలు ఒక గదిలో కూర్చోబెట్టి కళ్ళలోకి చూడు, చేతులు ఊపకు అని నేర్పించడం. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అవసరమే. మావాడికీ ఉన్నాయి. కానీ కొత్త ఇల్లు, కొత్త ఎండ, కొత్త మనుషుల మధ్య నెలన్నరలో పిల్లవాణ్ణి మార్చి ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, అప్పు చేసి మరీ కట్టకండి. చేతులు ఊపడం చాలామంది పిల్లలకి తమని తాము సర్దుకునే మార్గం. దాన్ని ఆపడం కోసం సెలవులన్నీ పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఇండియా వెళ్ళండి, తాతగారి ఇంటికి వెళ్ళండి, ఫ్రిజ్ ఫోటోలు కూడా తీసుకెళ్ళండి.

ఇప్పుడు వీసా సంగతి. స్కిల్డ్ వర్కర్, హెల్త్ అండ్ కేర్ వీసాల మీద ఉన్న మనకి పబ్లిక్ ఫండ్స్ లేవు. డీఎల్‌ఏ, కేరర్స్ అలవెన్స్ ఆ జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటికి అప్లై చేయకండి, వీసాకే ముప్పు. అయితే ఆ భయంతో మనవాళ్ళు అన్నిటికీ దూరంగా ఉంటున్నారు. బడి చదువు, ఈహెచ్‌సీపీ, కౌన్సిల్ ఇచ్చే షార్ట్ బ్రేక్స్ ఆ జాబితాలో లేవు. 1989 చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్‌లో సాయం అవసరమైన పిల్లల కింద వైకల్యం ఉన్న పిల్లలందరూ వస్తారు. 2011 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి కౌన్సిలూ తమ దగ్గర ఏ షార్ట్ బ్రేక్స్ ఉన్నాయో, ఎవరికి ఇస్తారో రాతపూర్వకంగా ప్రకటించాలి. మీ కౌన్సిల్ పేరు పక్కన "లోకల్ ఆఫర్" అని వెతకండి. అడగ్గానే ఇస్తారని చెప్పను, క్యూ ఉంటుంది. ఫారంలో డీఎల్‌ఏ లెటర్ అడిగితే మా వీసాకి అది రాదు, డయాగ్నసిస్ లెటర్ ఉంది అని ఈమెయిల్‌లో రాయండి. ఏ హాలిడే క్లబ్బయినా ఆటిజం అనగానే "మా వల్ల కాదు" అని ఫోన్ పెట్టేస్తే, ఈక్వాలిటీ యాక్ట్ 2010 ప్రకారం సర్దుబాట్లు ఏం చేయగలరో చెప్పండి అని మర్యాదగా అడగండి. కేర్ హోమ్‌లో అడ్డమైన పేపర్లూ నింపే మనకి ఒక ఈమెయిల్ ఏపాటి పని?

ఖర్చు లేనివి కూడా ఉన్నాయి. సైన్స్ మ్యూజియంలో "ఎర్లీ బర్డ్స్", నేచురల్ హిస్టరీ మ్యూజియంలో "డానోసార్స్" అని కొన్ని రోజులు పొద్దున్నే, మామూలు జనం రాకముందు మన పిల్లల కోసం తెరుస్తారు. ముందే బుక్ చేసుకోవాలి. ఓడియన్, వ్యూ, సినీవరల్డ్ హాళ్ళలో అప్పుడప్పుడు ఆటిజం పిల్లల షోలు వేస్తారు, అవి టికెట్ కొనాల్సినవి. లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు, లేచి తిరిగినా ఎవరూ ఏమనరు. పొద్దుతిరుగుడు పువ్వు గుర్తున్న ఆకుపచ్చ మెడతాడు చూసే ఉంటారు, 2016లో గాట్విక్ ఎయిర్‌పోర్ట్‌లో మొదలైంది. దానికి ఏ సర్టిఫికెట్టూ అడగరు.

ఆఖరుగా మన తెలుగు సంఘాల పెద్దలకి. బోనాలు, వినాయక చవితి ఈ సెలవులకి కాస్త అటూఇటూగానే వస్తాయి. హాల్లో అడుగు పెట్టగానే డీజే, మైకులో పేర్ల పిలుపులు, రెండు వందల మంది. మా పిల్లలు అయిదు నిమిషాలు ఉండలేరు. ఒకటి రెండుసార్లు వచ్చి, అందరూ తిరిగి చూస్తుంటే ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయిన అమ్మ మూడోసారి రాదు. కొన్నాళ్ళకి ఆవిణ్ణి పేరంటానికి కూడా పిలవడం మానేస్తారు, పాపం ఇబ్బంది పడుతుందని. స్పాన్సర్లని వెతకక్కర్లేదు. కార్యక్రమం మొదలవడానికి ముందు ఒక్క గంట మైకు ఆపి హాలు తెరవండి. మా పిల్లలు వచ్చి బొమ్మ దగ్గర పువ్వు పెట్టి, ఓ ఉండ్రం తిని వెళ్ళిపోతారు. హాలు ఎలాగూ డెకరేషన్ కోసం పొద్దుటి నుంచీ మీ చేతిలోనే ఉంటుంది. ఈ వినాయక చవితికి ఏ కమిటీ ఒప్పుకున్నా కింద కామెంట్‌లో టైము రాయండి, నేను మా గ్రూపులో పెడతాను. ఒక్కరు వచ్చినా ఫర్వాలేదనుకుని తెరవండి, ఆ ఒక్కరం మేమైనా వస్తాం.