చిన్న గెలాక్సీల్లో ఏముంటుందిలే అనుకోవద్దు!

హాస్టల్లో చదివిన మనకు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "త్వరగా ఏదో ఒక ఉద్యోగం చూసుకోండి." ఇంట్లో తొలి డిగ్రీ పట్టా చూసిన మన తల్లిదండ్రులు అలా కోరుకోవడంలో తప్పులేదు. కానీ "పరిశోధన మనలాంటి వాళ్ళకు కాదు" అనే మాటను మాత్రం మేము ఒప్పుకోం. ఎందుకో ఆకాశంలోని ఉదాహరణతోనే చెబుతాం.

పెద్ద నక్షత్రాలు చనిపోయి మిగిల్చే కృష్ణబిలాలు సూర్యుడికి కొన్ని రెట్ల నుంచి పదుల రెట్ల బరువుంటాయి. మన పాలపుంత నడుమ ఉన్నదాని బరువు సుమారు 40 లక్షల సూర్యులంత. చిన్నవి అంత పెద్దవి ఎలా అయ్యాయి? ఆ గుట్టు చెప్పాల్సింది మధ్యరకం కృష్ణబిలాలే. వాటిని చిన్న గెలాక్సీల్లో వెతకాలి. అయితే అక్కడ వాటి మసక వెలుగు కొత్త నక్షత్రాల కాంతిలో కలిసిపోతుంది. ధూళి కూడా అడ్డుపడుతుంది.

రేడియో తరంగాలకు ధూళి అడ్డం కాదు. కృష్ణబిలం వైపు పడే పదార్థంలో కొంత బయటికి ఎగజిమ్ముతుంది. అందులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ రేడియో తరంగాలు వెలువరిస్తాయి.

హెనైజ్ 2-10 అనే చిన్న గెలాక్సీలో నక్షత్రాల పుట్టుకను పరిశీలిస్తున్న పరిశోధక విద్యార్థిని ఏమీ రైన్స్‌కు, సుమారు 10 లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం జాడ దొరికింది. 2011లో దాన్ని ప్రకటించారు. 2020లో ఆమె బృందం అమెరికాలోని వి.ఎల్.ఎ. రేడియో టెలిస్కోపుతో 111 చిన్న గెలాక్సీలను పరిశీలించి, 13 చోట్ల ఇలాంటి జాడలు ఉన్నాయంది. వాటి సగటు బరువు 4 లక్షల సూర్యులంత అని అంచనా. వాటిలో కొన్ని వెనుక ఉన్న దూరపు గెలాక్సీలవి కావచ్చని 2022లో మరో పరిశీలన చెప్పింది. అంటే పని ఇంకా మిగిలే ఉంది. చేసేవాళ్ళు కావాలి.

అందుకు అమెరికాయే పోనక్కరలేదు. పుణె జిల్లా ఖోదద్ దగ్గర గోవింద్ స్వరూప్ గారి నాయకత్వంలో కట్టిన జి.ఎం.ఆర్.టి. ఉంది. 45 మీటర్ల వెడల్పున్న డిష్షులు 30 ఉన్నాయక్కడ. అది సేకరించిన సమాచారం కొంతకాలం తర్వాత అందరికీ అందుబాటులోకి వస్తుంది.

ఈ వార్షికోత్సవ వేళ మా విన్నపం ఇది. ఏటా ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవానికి మన హాస్టల్ నుంచి పదిమందినైనా అక్కడికి పంపాలి. పూర్వ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తే రైలు ఖర్చు పెద్ద భారం కాదు. తమ్ముళ్ళూ, ఉద్యోగం చేయదలచుకున్నవాళ్ళు చేయండి. కానీ ఫిజిక్స్ మీద మనసున్నవాడిని మాత్రం "మనకెందుకురా" అని ఆపకండి.