పదిహేనో పేరు

గత నెల మాకొక ఉత్తరం వచ్చింది. రాసినవారు ఒక తల్లి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఆమె కుమారుడు వయసుకు మించిన పొడగరి. వాడికి బాస్కెట్‌బాల్ తప్ప మరో ధ్యాస లేదు. ఒక శిక్షకుడు ఇంటికి వచ్చి, "వీణ్ణి మాకు అప్పగించండి. వేరే రాష్ట్రంలో ఉన్న మా అకాడమీలో చేర్చుకుంటాం. ఐదేళ్ళలో వృత్తి క్రీడాకారుణ్ణి చేసి చూపిస్తాం" అని చెప్పి వెళ్ళాడట. తండ్రి గల్ఫ్‌లో ఉన్నారు. ఫోనులో "నీ ఇష్టం" అన్నారట. "పంపాలా, వద్దా? బిడ్డ ఆశను కాదంటే రేపు అల్లాహ్ ముందు నేను జవాబు చెప్పుకోవలసి వస్తుందా?" అని ఆమె మమ్మల్ని అడిగారు.

ఫత్వా ఇవ్వడం మా పని కాదు. ఆ బాలుణ్ణి మేము చూడలేదు, ఆడగా అసలే చూడలేదు. అయితే ఆమె ఉత్తరం చదువుతున్నంతసేపూ మాకు మరో తల్లి, మరో పొడగరి కుర్రవాడు గుర్తుకు వస్తూనే ఉన్నారు. వారి కథనే ఈ నెల చెప్పుకుందాం.

అతని పేరు టాకో ఫాల్. పశ్చిమ ఆఫ్రికాలో అత్యధికులు ముస్లిములే అయిన సెనెగల్ దేశ రాజధాని డకార్‌లో 1995 డిసెంబరు 10న జన్మించాడు. అక్కడి పిల్లలందరిలాగే అతడూ ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగాడు. గణితం మీద మక్కువ ఉండేది, ఇంజనీరు కావాలని కోరుకునేవాడు. ఈలోగా ఎత్తు మాత్రం ఆగకుండా పెరుగుతూ పోయింది. డకార్‌లో బాస్కెట్‌బాల్ నేర్పే ఇబ్రహీమా ఎన్‌జాయ్ అనే ఆయన కంట పడ్డాడు. ఆయన సోదరుడు మమడూ ఎన్‌జాయ్ అంతకుముందే అమెరికాలోని ఎన్‌బీఏలో ఆడినవాడు. ఎన్‌బీఏ అంటే ప్రపంచంలోనే అత్యున్నతమైన వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్. అలా పదహారేళ్ళ వయసులో తల్లినీ తమ్ముణ్ణీ డకార్‌లో వదిలి, టాకో అమెరికాలోని హ్యూస్టన్ నగరం చేరుకున్నాడు.

అంతవరకూ చెప్పడం తేలిక. ఆ తరువాతి సంవత్సరాల గురించి మన పాఠకుల ఇళ్ళలో వేరుగా వివరించనక్కరలేదు. కరీంనగర్‌లోనో, కడపలోనో గల్ఫ్ వలస వెళ్ళిన కుటుంబాన్ని అడిగితే చాలు, విమానాశ్రయం గేటు దగ్గర చెయ్యి ఊపిన మనిషి మళ్ళీ గుమ్మం తొక్కేలోగా ఇంట్లో ఎన్ని పండుగలు గడిచిపోతాయో వారే చెబుతారు. మన దగ్గర సాధారణంగా వెళ్ళేది తండ్రి. అక్కడ వెళ్ళింది మీసం కూడా సరిగ్గా రాని కొడుకు. హ్యూస్టన్‌లో అతడు నిలదొక్కుకోలేకపోయాడు. అక్కడి నుండి ఒహాయో, టెనెసీ, జార్జియా రాష్ట్రాలు తిరిగి చివరకు ఫ్లోరిడా చేరాడు. భాష కొత్త, చలి కొత్త, ఇల్లు ఎప్పటికప్పుడు కొత్త. ఆ తల్లి తిరిగి కొడుకును కళ్ళారా చూసుకునేసరికి ఏళ్ళు గడిచిపోయాయి.

మన సోదరి ప్రశ్నకు నేరుగా సంబంధించిన ఒక సంగతి ఇక్కడే ఉంది. 2015లో ఫ్లోరిడాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో టాకోకు ప్రవేశం లభించింది. చదువులో అతనికి మంచి మార్కులున్నాయి. అయినా అమెరికా కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ సంస్థ అతణ్ణి ఆడనివ్వలేదు. తొలుత హ్యూస్టన్‌లో అతడు చదివిన పాఠశాల కోర్సులను తమ లెక్కలోకి తీసుకోలేమన్నది. పిల్లవాడి తప్పేమీ లేదు. ఎవరో చేర్పించిన బడిలో చేరాడు, చెప్పిన పాఠం చదివాడు. అయినా శిక్ష అతనికే పడబోయింది. విశ్వవిద్యాలయం అప్పీలు చేసుకున్న మీదట, ఆటల సీజను మొదలయ్యే తరుణంలో అనుమతి వచ్చింది. రాకపోయి ఉంటే ఈ కథ అక్కడితోనే ముగిసేది.

నాలుగేళ్ళు కళాశాల జట్టుకు ఆడాడు. 2017లో వారి లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడుగా ఎంపికయ్యాడు. వేసిన ప్రతి నాలుగు షాట్లలో సుమారు మూడు రింగులో పడ్డాయి. కళాశాల బాస్కెట్‌బాల్‌లో అది రికార్డు. అదే మనిషి, ఎవరూ అడ్డుపడని ఫ్రీ త్రో వేసేటప్పుడు మాత్రం సగం కూడా పడేవి కావు. భుజం గాయంతో ఒక సీజనులో చాలా ఆటలు పోగొట్టుకున్నాడు. 2019 మార్చిలో జాతీయ పోటీలో డ్యూక్ విశ్వవిద్యాలయంతో ఆట జరిగింది. ఆనాటి అమెరికా యువ ఆటగాళ్ళలో అందరి నోటా నానుతున్న పేరు జయాన్ విలియమ్సన్‌ది. అతడు ఎదురుగా నిలిచాడు. టాకో 15 పాయింట్లు సాధించాడు. కానీ చివరి క్షణాల్లో విలియమ్సన్‌ను అడ్డుకోబోయి అయిదో ఫౌల్ చేసి బయటకు వెళ్ళవలసి వచ్చింది. 77-76తో, ఒకే ఒక్క పాయింటుతో జట్టు ఓడిపోయింది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. ఎన్‌బీఏలో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టుకు పదిహేను మంది చొప్పున మొత్తం 450 స్థానాలు. ఈ స్థానాల కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది. ఏటా జూన్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో జట్లు కొత్తవారి పేర్లు పిలుస్తాయి. పిలిచేది 60 పేర్లు మాత్రమే. పిలిచినవారందరికీ కూడా స్థానం ఖాయం కాదు. మన దేశం నుండి డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకున్న తొలి ఆటగాడు పంజాబ్ రైతు బిడ్డ సత్నామ్ సింగ్. 2015లో డల్లస్ జట్టు 52వ పేరుగా అతణ్ణి ఎంచుకుంది. పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఎన్‌బీఏలో మాత్రం అతడు ఒక్క ఆట కూడా ఆడలేదు.

డ్రాఫ్ట్‌కు ముందు 2019 మే నెలలో షికాగోలో టాకో ఫాల్‌ను కొలిచారు. అది రమజాన్ మాసం. ముస్లిం క్రీడాకారునికి ఇదొక ప్రత్యేక పరీక్ష. లోకం తన పంచాంగం ప్రకారం పిలుస్తుంది, అతని హృదయం మరో పంచాంగాన్ని చూస్తుంటుంది. (ఉపవాసం ఆటకు అడ్డు అనేవారికి హకీమ్ ఒలాజువాన్ పేరు చెబితే చాలు. 1995 ఫిబ్రవరిలో రమజాన్ ఉపవాసాలుంటూ ఆడి, ఎన్‌బీఏలో ఆ నెల ఉత్తమ ఆటగాడుగా నిలిచాడు.) బూట్లు లేకుండా టాకో ఎత్తు ఏడడుగుల ఐదంగుళాల పైచిలుకు. చేయి పైకెత్తి నిలబడితే పదడుగుల రెండున్నర అంగుళాలు. బాస్కెట్‌బాల్ రింగు నేల నుండి పదడుగుల ఎత్తున ఉంటుంది. అంటే మడమ లేపకుండానే అతని వేళ్ళు రింగును దాటిపోతాయి. ఆ పరీక్షల చరిత్రలో అంతటి కొలతలు అంతకుముందు నమోదు కాలేదు.

జూన్ 20న డ్రాఫ్ట్ జరిగింది. అరవై పేర్లు పిలిచారు. అతని పేరు పిలవలేదు.

మేము ఇక్కడ కాస్త ఆగదలిచాము. శరీరం అల్లాహ్ ఇచ్చినది. అందులో మనిషి ఘనత ఏమీ లేదు, అవమానపడవలసినదీ లేదు. ఆ ఎత్తు అతణ్ణి డకార్ నుండి షికాగో వరకు తీసుకువచ్చింది. ఆ తరువాత జట్ల అధికారులు అడిగిన ప్రశ్నలు వేరు. వేగంగా వెనక్కి పరుగెత్తగలడా? ఈ కాలపు ఆటలో దూరం నుండి షాట్లు వేసేవారిని బయటకు వచ్చి ఆపగలడా? ఫ్రీ త్రో వేయగలడా? వాటికి కొలబద్దతో జవాబు దొరకదు. పొడగరి పిల్లవాణ్ణి చూడగానే "వీడు ఆటగాడవుతాడు" అని తీర్పు చెప్పే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతనికి 'ఎగ్జిబిట్ 10' అనే ఒప్పందం ఇచ్చింది. పేరు గంభీరంగా ఉన్నా దాని అర్థం ఇంతే: శిక్షణ శిబిరానికి రా, ఆడి చూపించు, ఉంచుకుంటామన్న హామీ లేదు. తీసివేసినా, వారి అనుబంధ చిన్న జట్టులో 60 రోజులు ఉంటే అప్పట్లో 5 వేల నుండి 50 వేల డాలర్ల వరకు అదనపు సొమ్ము ఇచ్చేవారు. ఆ చిన్న లీగ్‌లో అప్పటి జీతం ఐదు నెలల సీజనుకు 35 వేల డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసి ఎవరూ మురిసిపోవద్దు. ఖర్చు కూడా అక్కడ డాలర్లలోనే.

ఆ శరత్కాలంలో బోస్టన్ జట్టులో పద్నాలుగు స్థానాలు ముందే నిండిపోయాయి. మిగిలింది పదిహేనోది. దాని చుట్టూ ముగ్గురు యువకుల జాతకాలు తిరిగాయి. ఒకడు జావోంటే గ్రీన్. అతణ్ణీ డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. నాలుగేళ్ళు యూరప్ దేశాల జట్లలో ఆడి, ఇరవై ఆరేళ్ళ వయసులో తిరిగి వచ్చి తలుపు తట్టాడు. రెండోవాడు మాక్స్ స్ట్రూస్. అతనిదీ పిలవని పేరే. అతని చేతిలో 'టూ-వే' ఒప్పందం ఉంది. అంటే అప్పటి పద్ధతిలో చిన్న జట్టులో ఆడుతూ, పరిమితమైన రోజులు పెద్ద జట్టుతో ఉండే ఏర్పాటు. అక్టోబరు 13న స్ట్రూస్‌ను పూర్తి ఒప్పందంలోకి మార్చి, ఖాళీ అయిన ఆ టూ-వే స్థానాన్ని టాకోకు ఇచ్చారు. మరి కొన్ని రోజులకే పదిహేనో స్థానంలో గ్రీన్‌ను నిలుపుకొని స్ట్రూస్‌ను పంపివేశారు. పైమెట్టు ఎక్కినవాడు వీధిలో మిగిలాడు, కిందిమెట్టు మీద ఉన్నవాడు లోపల ఉండిపోయాడు. ముగ్గురిలో తప్పు చేసినవారెవరూ లేరు. ఆ స్ట్రూస్ ఆ తరువాత మోకాలికి పెద్ద గాయమై కోలుకొని, మయామీ జట్టులో చేరి, 2023 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో మొదటి అయిదుగురిలో ఒకడుగా ఆడాడు. అతణ్ణి పంపివేసిన రోజున అది ఎవరికి తెలుసు?

టాకో సంగతికి వద్దాం. ఒప్పందం దొరికిన కొద్ది రోజులకే శిక్షణ కేంద్రంలో చేతులు కడుక్కుంటుండగా ఎత్తు తక్కువగా ఉన్న కప్పుకు తల బలంగా తగిలి ఆటకు దూరమయ్యాడు. నవ్వు తెప్పించే వార్తగా అది లోకమంతా తిరిగింది. తల మీద దెబ్బ తిన్నవాడికి అది నవ్వులాట కాదు. అక్టోబరు 26న న్యూయార్క్‌లో తొలి ఆట ఆడాడు. ఆట చివరిలో ప్రేక్షకులు, అదీ ప్రత్యర్థి జట్టు నగరంలో, టాకో కావాలంటూ కేకలు వేశారు. వచ్చాడు, నాలుగు పాయింట్లు, మూడు రీబౌండ్లు సాధించాడు. కొన్నాళ్ళకు ఆల్‌స్టార్ ఆటకు ప్రజలు వేసిన ఓట్లలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఆటలే ఆడిన ఇతని పేరు ముందు వరుసలోకి వచ్చింది. తనకంటే అర్హులు ఉన్నారని అతడే చెప్పుకోవలసి వచ్చింది.

ఆ కేకల్లో ప్రేమ ఉన్నదని మేము కాదనం. కానీ అందులో సంత వింతను చూసే చూపు కూడా ఉంది. ఆటగాడుగా గుర్తింపు కోరి వచ్చినవాడికి వింతగా గుర్తింపు దొరకడం చిన్న బాధ కాదు. అతడు ఎవరినీ కసురుకోలేదు. పిలిచినప్పుడు ఆడాడు, పిలవనప్పుడు మెయిన్ రాష్ట్రంలోని చిన్న జట్టుకు తిరిగి వెళ్ళాడు. మనం సబర్ అనే మాటను దుఃఖం వచ్చినప్పుడే ఎక్కువగా వాడతాం. చప్పట్ల మధ్య కూడా అది అవసరమవుతుంది.

రెండు సీజన్లు బోస్టన్‌లో, తరువాత క్లీవ్‌లాండ్‌లో మళ్ళీ అదే ఎగ్జిబిట్ 10, మళ్ళీ అదే టూ-వే. 2022 జనవరిలో క్లీవ్‌లాండ్ జట్టు వదులుకుంది. ఎన్‌బీఏలో మొత్తం 37 ఆటలు. ఆ పైన చైనాలో ఆడాడు, న్యూజిలాండ్ జట్టుకూ ఆడాడు. పదిహేను మంది జాబితాలో పూర్తి స్థానం అతనికి దొరకనే లేదు. దీన్ని ఓటమి అనాలా? ఆటతోనే జీవనం సంపాదించుకున్నాడు, అమెరికా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ఓటమి అనే మాట మా కలానికి రావడం లేదు. అలాగని ఆ తల్లి లెక్కపెట్టుకున్న ఏళ్ళ ఖరీదు తీరిపోయిందని కూడా రాయలేము.

మన సోదరికి మేము ఇలా జవాబు రాశాం. కాదన్నంత మాత్రాన పాపం, పంపినంత మాత్రాన పుణ్యం అని భయపడవద్దు. బిడ్డ మన చేతిలో అమానత్. ఎవరికైనా అప్పగించేముందు వివరాలు అడగడం అనుమానం కాదు, బాధ్యత. 'వృత్తి క్రీడాకారుడు' అన్న మాటకు అర్థమేమిటో ఆ శిక్షకుణ్ణే అడగండి. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాడికి నెలజీతం ఎక్కువగా దొరికేది రైల్వేలు, సైన్యం, ప్రభుత్వ రంగ సంస్థల క్రీడా కోటా ఉద్యోగాల్లోనే. వాటికి ఆటలో పతకంతో పాటు చదువు సర్టిఫికెట్ కూడా చూపించాలి. కాబట్టి అకాడమీలో ఇంటర్ ఏ బోర్డు కింద నమోదవుతుందో, పరీక్షలు ఎక్కడ రాయిస్తారో కాగితం మీద రాయించుకోండి. గత ఐదేళ్ళలో అక్కడ చేరినవారిలో ఉద్యోగం వచ్చినవారినే కాదు, మధ్యలో ఇంటికి తిరిగి వచ్చినవారి తల్లిదండ్రులను కూడా ఒకరిద్దరిని కలవండి. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో, శుక్రవారం నమాజుకు వెళ్ళనిస్తారో లేదో, రమజాన్‌లో సహరీకి అన్నం పెడతారో లేదో ఇప్పుడే తేల్చుకోండి. ఆ తరువాత బాబును పక్కన కూర్చోబెట్టుకొని ఈ కథంతా చెప్పండి, 37 ఆటల సంగతి కూడా. వాడి తండ్రి కూడా ఆ సమయంలో ఫోనులో ఉంటే మంచిది. "నీ ఇష్టం" అన్న మాట సరిపోయే సందర్భం కాదిది.

ఆమె దగ్గరనుండి పొట్టి జవాబు ఒకటి వచ్చింది. బోర్డు సంగతి అడిగితే శిక్షకుడు వారం గడువు అడిగాడట. బాబు మాత్రం అప్పటినుండి రోజూ ఫజ్ర్ నమాజు తరువాత కాలేజీ మైదానానికి వెళ్ళి, ఒంటరిగా నూరు ఫ్రీ త్రోలు వేస్తున్నాడట.