ఆటగాని నోట పాట

ఒక విద్యలో పేరు గడించినవాడు మరియొక విద్యను చేపట్టినప్పుడు లోకము రెండు విధముల ప్రవర్తించును. కొందరు వినకముందే నవ్వుదురు. కొందరు వినకముందే చప్పట్లు కొట్టుదురు. వినుట మాత్రము ఈ ఉభయులును చేయరు. అమెరికా దేశమున వృత్తి క్రీడాకారులు పలువురు నలువది ఏండ్లుగా ర్యాప్ అను గేయవిద్యలో ప్రవేశించి రికార్డులు వెలువరించుచున్నారు. వారిని గూర్చి అచ్చట సాగిన చర్చ మనకు దూరదేశపు ముచ్చటగా తోచవచ్చును. ఐనను, బయట ఒక భాషతో బ్రతుకుతెరువు, ఇంట మరియొక భాషతో మనసు పెట్టుకొన్న మన కుటుంబములకు ఆ చర్చలో ఆలోచింపదగిన విషయము కలదని మేము భావించుచున్నాము.

ర్యాప్ అనిన మన పెద్దలలో పలువురు చెవులు మూసికొందురు. అది రాగప్రధానమైన విద్య కాదు, లయప్రధానము. తాళము వెనుక నుండి మ్రోగుచుండగా మాటలను వేగముగా, ప్రాసలు తప్పకుండ, ఊపిరి చెడకుండ పలుకుట అందలి నేర్పు. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమున బ్రాంక్స్ ప్రాంతమునందలి సెడ్జ్‌విక్ వీధిలో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అను యువకుడు తన సోదరి ఏర్పరచిన వేడుకలో రికార్డులను మ్రోగించిన తీరు ఈ సంప్రదాయమునకు ఆరంభమని చెప్పుదురు. పేదల వీధిలో పుట్టిన ఆ విద్య 1979లో ‘ర్యాపర్స్ డిలైట్’ అను రికార్డుతో దేశమెల్ల వ్యాపించెను. 2018లో కెండ్రిక్ లమార్ అను ర్యాప్ కవికి సంగీతశాఖలో పులిట్జర్ బహుమానము లభించెను. కావున ఇది కేవలము కేకల విద్య కాదు. అవధాన సభలను, ఆశుకవితను ఎరిగిన తెలుగువారు దీనిని చులకన చేయుట తగదు.

ఆటగాడు ప్రాస కట్టుట ర్యాప్ కంటె పాత విషయము. అప్పటికి కేసియస్ క్లే అను పేరుతో నున్న ముష్టియోధుడు మహమ్మద్ అలీ 1963లో కొలంబియా కంపెనీ వారిచే ఒక రికార్డు వెలువరించెను. తానే అందరికంటె గొప్పవాడనని చాటుట దాని పేరు. అదియే దాని సారము. మరుసటి ఏడు ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి ఆయన ప్రపంచ విజేత ఆయెను. మాట ముందు వచ్చెను, చేత వెనుక వచ్చెను. నేటి ర్యాప్ కవులు పలువురు ఆయనను తమ పూర్వికులలో ఒకనిగా తలంచుటలో వింత లేదు.

ఇక ర్యాప్ విషయము. 1985 డిసెంబరులో చికాగో బేర్స్ అను ఫుట్‌బాల్ జట్టువారు ‘సూపర్ బౌల్ షఫుల్’ అను పాటను రికార్డు చేసిరి. ఒక్కొక్క ఆటగాడు ముందుకు వచ్చి తన్ను తాను పొగడుకొని పోవుటయే ఆ పాట. అప్పటికి వారింకను తుదిపోటీకి చేరనే లేదు. 1986 జనవరి 26న ఆ పోటీలో 46-10 తేడాతో గెలిచిరి గనుక సరిపోయినది. ఓడినచో ఆ పాట వారిని జన్మాంతము వెక్కిరించి యుండెడిది. ఆదాయములో కొంత భాగము పేదసాదలకు చేరినది. గ్రామీ బహుమానమునకు సైతము ఆ పాట పరిశీలనకు వచ్చినది. ఇది జాతరపాట వంటిది. దానిని దాని తావున ఉంచి ఆనందింపవచ్చును, కావ్యపరీక్షకు పెట్టరాదు.

ఈ రంగమున అంగడిలో అందరికంటె ఎక్కువగా నెగ్గినవాడు షకీల్ ఓనీల్. ఏడడుగుల పైచిలుకు పొడవుగల ఈ బాస్కెట్‌బాల్ వీరుడు 1992లో ఓర్లాండో జట్టున చేరి, 1993 అక్టోబరులో ‘షాక్ డీజిల్’ అను ఆల్బమ్ వెలువరించెను. అది అమెరికాలో పది లక్షల ప్రతుల మేరను దాటినది. మరు సంవత్సరము వచ్చిన రెండవది ఐదు లక్షల మేరను చేరినది. ఈ అమ్మకములలో ఆట తెచ్చిన కీర్తి పాలెంత, పాట పాలెంత యని అడుగుట న్యాయమే. కీర్తి పాలే ఎక్కువ యని మా అభిప్రాయము. ఐనను ఆ రెండవ ఆల్బమ్‌లో ఒక పాట కలదు. కన్నతండ్రి తన్ను పట్టించుకొనలేదనియు, పెంచి పెద్దచేసిన మారుటితండ్రియే తనకు నిజమైన తండ్రి యనియు ఓనీల్ అందులో చెప్పుకొనెను. ఎన్ని బంతులు వేసినను ఆ మాటను ఆయన మైదానమున చెప్పగలిగి యుండెడివాడు కాడు. దానికి పాటయే కావలసివచ్చెను. ఆటగానికి పాట యెందుకని ప్రశ్నించువారికి మా మొదటి సమాధానమిది.

కీర్తి తలుపు తెరచునే గాని లోపల కూర్చుండబెట్టదనుటకు కోబీ బ్రయంట్ కథ సాక్ష్యము. 1996లో ఉన్నత పాఠశాల నుండి నేరుగా వృత్తిక్రీడలోనికి వచ్చి లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టున వెలిగిన ఈ యువకునితో సోనీ కంపెనీ ఒడంబడిక చేసికొనెను. 2000 సంవత్సరారంభమున తన పేరునే శీర్షికగా పెట్టుకొని, టైరా బ్యాంక్స్ అను ప్రసిద్ధ సుందరి పల్లవి పాడగా, ఆయన ఒక పాట విడుదల చేసెను. పాట నిలువలేదు. సిద్ధము చేసిన ఆల్బమ్‌ను కంపెనీవారు వెలువరింపలేదు. ధనము, కీర్తి, యౌవనము, పెద్ద కంపెనీ అండ అన్నియు ఉండియు ఫలము శూన్యము.

కథ అంతటితో ముగియలేదు. 2015లో ఆట నుండి విరమింపనున్నట్లు తెలుపుచు బ్రయంట్ ఒక చిన్న కవితను లేఖారూపమున బాస్కెట్‌బాల్‌నే సంబోధించి వ్రాసెను. ఆరేండ్ల పిల్లవాడు తండ్రి మేజోళ్ళను ఉండగా చుట్టి ఇంటిలోనే బంతివలె విసరుకొన్న జ్ఞాపకము దానికి ప్రాణము. గ్లెన్ కీన్ బొమ్మలతో, జాన్ విలియమ్స్ సంగీతముతో అది లఘుచిత్రమై 2018లో ఆస్కార్ బహుమానము గెలుచుకొనెను. 2020 జనవరి 26న బ్రయంట్ హెలికాప్టర్ ప్రమాదమున అకాలమరణము చెందెను. ఆ పాటను, ఈ కవితను పలికినవాడు ఒక్కడే. మొదటిది అంగడి అడిగిన మాట. రెండవది తాను మాత్రమే చెప్పగల మాట. తేడా అంతయు అక్కడనే యున్నది.

ఈ తేడాను మొదటినుండియు గుర్తెరిగినవాడు డేమియన్ లిల్లార్డ్. కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్ వాడు. 2012లో పోర్ట్‌లండ్ జట్టున చేరినవాడు. ఈయన మొదటనే పెద్ద కంపెనీ తలుపు తట్టలేదు. ప్రతి శుక్రవారము నాలుగేసి పాదములు చెప్పి జనులకు వినిపించుచు, మీరును నాలుగు పాదములు చెప్పుడని ఇతరులను ఆహ్వానించెను. మన సమస్యాపూరణమునకు ఇది దూరపు చుట్టమనదగును. ఇట్లు కొన్నాళ్ళు సాధనచేసిన పిదప 2016లో మొదటి ఆల్బమ్‌ను వెలువరించెను. దానికి ఓ అను ఆంగ్లాక్షరము పేరు పెట్టెను. తాను పుట్టిన ఓక్‌లండ్, చదివిన ఆగ్డెన్, ఆడిన ఆరెగాన్ ఈ మూడింటికిని ఆద్యక్షరమదియే. తరువాత 2017, 2019, 2021 సంవత్సరములలో మరి మూడు ఆల్బమ్‌లు వచ్చినవి. 2019లో ఓనీల్ కంటె తానే మేలైన ర్యాప్ కవినని ఈయన అనగా, ఓనీల్ పాటతో బదులిచ్చెను; ఈయన మరల పాటతోనే ప్రత్యుత్తరమిచ్చెను. తిరుపతి వేంకట కవులకును కొప్పరపు కవులకును జరిగిన వాదములను విన్నవారికి ఈ పోరు క్రొత్తగా తోచదు. ఇద్దరు మల్లులు పిడికిళ్ళతో గాక ప్రాసలతో తలపడుట చూడ ముచ్చటయే గదా.

ఆక్షేపణలు రెండు ముఖ్యముగా వినవచ్చును. మొదటిది, పాట మీది మోజుతో ఆట చెడునని. ఇది త్రోసివేయదగినది కాదు. 2004 నవంబరులో ఇండియానా జట్టు ఆటగాడు రాన్ ఆర్టెస్ట్ రికార్డు ప్రచారముతో అలసితినని సెలవు కోరగా, శిక్షకుడు ఆయనను రెండు ఆటల నుండి తప్పించెను. శిక్షకుని పక్షమే న్యాయము. కూలి పుచ్చుకొన్న పని మొదటిది. ఇష్టపడి చేయు పని రెండవది. తీరిక వేళను కళకు వినియోగించుట ఒకటి. వృత్తి వేళను దొంగిలించుట మరియొకటి.

రెండవ ఆక్షేపణ మాటల విషయమైనది. 2000 సంవత్సరమున ఫిలడెల్ఫియా జట్టు ఆటగాడు ఎలెన్ ఐవర్సన్ పాడిన ఒక ర్యాప్ పాటలో హింసయు, స్త్రీల యెడలను స్వలింగప్రియుల యెడలను నీచమైన మాటలును కలవని పౌరహక్కుల సంఘములు నిరసించెను. బాస్కెట్‌బాల్ సంస్థ అధిపతి డేవిడ్ స్టెర్న్ ఆయనను పిలిచి మాటాడెను. ఆ ఆల్బమ్ వెలుగు చూడలేదు. ఆ ఋతువుననే ఐవర్సన్ ఆ సంస్థలో అత్యుత్తమ క్రీడాకారుడని ఎన్నికయ్యెను. ఇందు మా మాట స్పష్టముగా చెప్పెదము. ఆ పదములు నింద్యములు. వానిని నిందించుట అవసరము. కాని కొందరు ఆ సందున, ఆటగాడు ఆడవలెనే గాని నోరు విప్పరాదనిరి. అది వేరు మాట. అది తప్పు మాట. దేహబలమునకు జీతమిచ్చినవాడు నాలుకను కొనుకొన్నవాడు కాడు. పాడినదానిని తప్పుపట్టవచ్చును, పాడుటను తప్పుపట్టరాదు.

వ్యతిరేక దిశను నడచిన ఉదాహరణమొకటి కలదు. ర్యాప్‌లో మహాధనికుడైన మాస్టర్ పి 1998లో షార్లట్ జట్టునకును, 1999లో టొరాంటో జట్టునకును పోటీలకు ముందటి ఆటలలో ఆడి చూచెను. రెండు జట్లును ఆయనను నిలుపుకొనలేదు. అవమానమేమియు జరుగలేదు, కొలత జరిగినది. ఆటలో బంతి గూటిలో పడినదో లేదో అందరును చూతురు. పాటకు అట్టి లెక్కల పలక లేదు. కావుననే పాట విషయమున వినువారి బాధ్యత హెచ్చు. వినువాడు ముఖము చూచి తీర్పు చెప్పినచో కళకు న్యాయము జరుగదు. ఆ కళాకారునికిని జరుగదు.

ఇట్టి తీర్పునకు మన చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. పదునారవ శతాబ్ది ఆరంభమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, మల్లునితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి తిరిగెడివాడని వ్రాసెను. ఆ కండలుగల చేతియే ఆముక్తమాల్యదను వ్రాసినది. ప్రభువు వ్రాసినాడని సభలోనివారు ఆనాడు మెచ్చియుండవచ్చును. ఇప్పుడు ఆ రాజ్యము లేదు, ఆ సభ లేదు, మెప్పు వలన వచ్చు లాభమును లేదు. ఐనను ఆ కావ్యము కావ్యముగనే నిలిచియున్నది. అది వెలసిన రాజ్యమునకు రాజధానియైన హంపి నేటి కర్ణాటకమున నుండుట మనవంటి వారికి ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగిన విషయము.

ఇక మన ఇంటి సంగతి. హోసూరున, మదురైలో, బళ్ళారిలో, బరంపురమున, షోలాపూరున, యానాములో తరతరములుగా నివసించు మన కుటుంబములలో మగ్గము నేయువాడు, లారీ నడుపువాడు, కార్యాలయమున లెక్కలు వ్రాయువాడు తన దినమును తమిళమునందో, కన్నడమునందో, ఒడియాయందో, మరాఠీయందో, ఆంగ్లమునందో గడపుచున్నాడు. సాయంకాలము ఇంటికి వచ్చి నాలుగు తెలుగు పాదములు కూర్పవలెనని అతనికి బుద్ధి పుట్టును. లిపి రాదు గనుక పొరుగు లిపిలో వ్రాసికొనును. అతని తెలుగులో పొరుగు మాటలు దొరలును. అది చూచి మనలో కొందరు, నీకు పద్యమెందుకోయి, నీ పని చూచుకొనుమని నవ్వుదురు. ఆ నవ్వుతో ఒక నోరు మూతపడును. దానితో ఆ ఇంట రాబోవు తరమున తెలుగు మూతపడును. ఓక్‌లండ్ పలుకుబడిని దాచుకొనకుండుటయే లిల్లార్డ్ పాటకు బలమైనట్లు, హోసూరు పలుకుబడి, బరంపురము పలుకుబడి మన యువకుల కవితకు బలమే గాని లోపము కాదు.

రెండవ దోషమును మనలో కలదు. సభకు విరాళమిచ్చిన పెద్దమనుష్యుడు వేదిక మీద పద్యమొకటి చదివినచో, గణములు కుంటినను ఘనముగా చప్పట్లు మ్రోగును. ఆయనకు ఎవ్వరును తప్పు చెప్పరు గనుక ఆయన ఎన్నటికిని నేర్చుకొనడు. నవ్వి చంపుట యెట్టిదో మెచ్చి చంపుటయు అట్టిదే.

కావున మన సంఘములకు ఒక సూచన చేయుచున్నాము. రాబోవు యుగాది కవిసమ్మేళనములలో చదువువాని హోదాను, వృత్తిని, విరాళమును ముందుగా ప్రకటింపకుడు. కవిత ముగిసిన పిదప పేరు చెప్పుడు. తెలిసిన పెద్ద ఒకరు మంచిని మంచియనియు, తప్పును తప్పనియు మృదువుగ చెప్పునట్లు ఏర్పాటు చేయుడు. ఎవడైన యువకుడు తాళము వేసికొని తెలుగులో ర్యాప్ చెప్పెదనన్నచో అతనికిని అయిదు నిమిషములిండు. అతడు వట్టి కేకలు వేసినచో తరువాత చెప్పవచ్చును. ముందు విందము.