టెక్నిక్‌కు మన పేరు.. గొంతులోకి మాత్రం విషం!

నల్లగొండ పేరు ఎంత దూరం పోయిందో తెలుసా? ఆఫ్రికాలోని టాంజానియా దాకా, ఇథియోపియా దాకా పోయింది. అక్కడి నీటి ఇంజనీర్లకు 'నల్లగొండ టెక్నిక్' తెలుసు. తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతి అది. నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు 1970లలో దాన్ని తయారుచేసి మన జిల్లా పేరు పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి బాగా తిప్పాలి. మడ్డి అడుగుకు చేరినంక పైనీళ్లు తీసుకోవాలి. పెద్ద మిషన్లు అక్కర్లేదు, ఇంట్లో బకెట్‌లోనే చేసుకోవచ్చు. ఇంత గొప్ప పద్ధతి పుట్టి ఖండాలు దాటిపోయింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో మాత్రం పిల్లల పండ్లు గారపట్టడం ఆగలేదు. నడుములు వంగడం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? సైన్స్ తప్పా? కాదు. ఒక్కో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కో తీరు ఉంటుంది, క్షారగుణం ఒక్కో తీరు ఉంటుంది. దాన్ని బట్టి పటిక ఎంత, సున్నం ఎంత అన్నది మారుతుంది. పరీక్ష చేసి చెప్పే మనిషి ఊళ్లో ఉండాలి. పటిక రోజూ కొనాలి. మిగిలిన మడ్డిని ఎక్కడన్నా పారబోయాలి. పొద్దంతా కూలికి పోయి, బిందె నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడమనిషి పొయ్యి ముట్టించే ముందు ఈ పనంతా చేయాలని ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లు అనుకున్నారు. ఆమెను అడిగిన వాళ్లు ఎంతమంది? విషం తీసే పని కూడా విషం తాగేవాళ్ల మీదనే వేసిన పరిష్కారం అది.

పైగా ఈ రోగం అందరినీ ఒక్క తీరుగా పట్టదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రమాణం. దాటిన నీళ్లు ఊరంతా తాగినా, ఎండలో పనిచేసే కూలీ ఎక్కువ నీళ్లు తాగుతాడు. పాలు, పండ్లు ఎరుగని ఒంట్లో కాల్షియం తక్కువ ఉంటుంది, అక్కడ ఎముకలు తొందరగా చెడుతయి. కీళ్లు బిగుసుకుపోతయి. ఒకసారి వంగిన ఎముకను తిరిగి సక్కగ చేసే మందు లేదు. నీళ్లు కాచి తాగమనే సలహా ఇక్కడ పనికిరాదు. కాస్తే నీళ్లు తగ్గుతయి, ఫ్లోరైడ్ తగ్గదు.

ఈ జిల్లాకు కావాల్సింది పటిక కాదు, నది నీళ్లు. గ్రానైట్ రాళ్ల నడుమ నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. చెరువులు ఎండిపోయి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఈ ఊళ్లు ఆ నీళ్లకే కట్టుబడ్డయి. కృష్ణమ్మ మాత్రం జిల్లా అంచునే పారుతుంది. మరి పైపు వేసే ఇంజనీరింగ్ లేదా? భేషుగ్గా ఉంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి నీళ్లు ఎత్తి అక్కంపల్లికి తెచ్చి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, గోడకొండ్ల మీదుగా హైదరాబాద్‌కు పంపారు. 2004 నాటికి పట్నం నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చినయి. పట్నం తాగొద్దని ఎవరూ అనడం లేదు, హైదరాబాద్ మనదే. కానీ గుట్టలు, వందకు పైగా కిలోమీటర్ల దూరం దాటించే మోటార్లకు, తొవ్వలో ఉన్న పల్లెల బిందెలు నింపడం చేతకాలేదా? పైపు ఏ ఊరి పక్క నుంచి పోవాలో ఇంజనీరు గీస్తాడు. ఏ ఊళ్లో ఆగాలో పాలకుడు చెబుతాడు. ఉమ్మడి రాష్ట్రంలో చెప్పింది ఎవరో మనకు తెలుసు.

నల్లగొండ నోరు మూసుకుని కూర్చోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరును పుస్తకం లెక్క కుట్టాల్సి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. నీళ్ల కంటే ముందు డిపాజిట్ వచ్చిందన్నమాట! 2003లో శివన్నగూడెం పిల్లగాడు అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకుపోయి ప్రధాని వాజ్‌పేయి ముందు ఉంచారు. వంకర్లు తిరిగిన ఆ ఒళ్లే ఒక వినతిపత్రం. ఆ స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

2014లో రాష్ట్రం వచ్చింది. 2015లో చౌటుప్పల్‌లో వాటర్‌గ్రిడ్ పైలాన్‌కు శంకుస్థాపన జరిగింది, అదే మిషన్ భగీరథ అయింది. ఇంటింటికీ నల్లా పోయింది. ఇది చిన్న విషయం కాదు, తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతయి. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం చేసిన పని అది. ఉన్న టెక్నాలజీనే, తొవ్వ మాత్రం మార్చారు. కాకపోతే కాగితాల మీద ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అయిన రోజు నుంచి, దాని గురించి అడగడం కూడా సున్నా అయింది. మోటారు చెడిపోయి నల్లా రాని రోజు ఊరు ఏ నీళ్లు తాగుతుంది? పాత బోరే కదా! లేదంటే క్యాన్ కొనుక్కోవాలి. ఆ ఫిల్టర్ ప్లాంటు వదిలేసే చిక్కటి ఫ్లోరైడ్ నీళ్లు ఏ మోరీలో కలుస్తున్నయి? ఇక శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కథ వేరే. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం నల్లగొండకు ఎత్తిపోతలు లేకుండా నీళ్లు తేవాలి. 2005లో మొదలు పెట్టారు. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి 8 మందిని మింగింది. ఎక్కడి నుంచో పని కోసం వచ్చిన బిడ్డలు వాళ్లు. మన నీళ్ల లెక్కలో వాళ్ల పేర్లు కూడా రాసుకోవాలి.

ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లతో ఒక మాట. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు ఎవరి చెమటో మీకు తెలుసు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు మాత్రం అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుంది. అంగీ కొన్నట్టు కొనుక్కొచ్చి, అట్ట వేసి, వైవా ముగించుకోవచ్చు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, ఆలేరు పక్కన శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే మనిషి ఏ ఇంజనీరింగ్ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే అమ్మ లక్ష్మి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ భుజం నొప్పిని చూసి, 1992 నుంచి అప్పులు చేసి, అవమానాలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఎవరి భుజం నొస్తుందో తెలిసినోడు కాబట్టే ఆ యంత్రం మూలకు పడలేదు, మగ్గం ఉన్న ఇంట్లోకి పోయింది.

నడుము లేవని మనిషి అందుకునే ఎత్తులో నల్లా ఎక్కడ బిగించాలి? బిగుసుకుపోయిన మోకాళ్లతో కూర్చోగలిగే మరుగుదొడ్డి ఎట్లుండాలి? చేతులు వంకరపోయినోడు నడపగలిగే మూడు చక్రాల బండి హ్యాండిల్ ఏ కొలతలో ఉండాలి? ఇవి పట్టా ఇవ్వదగ్గ ప్రాజెక్టులు కావా? జిల్లాలో ఇన్ని కాలేజీలున్నయి. మర్రిగూడ బస్సు ఎక్కి కొలతలు తీసుకొచ్చిన బ్యాచ్‌లు ఎన్ని?

ఉద్యోగ మిత్రులతో కూడా ఒక పని ఉంది. సకల జనుల సమ్మెలో మీరు జీతాలు వదులుకుని రోడ్డెక్కారు, ఆ గౌరవంతోనే అడుగుతున్నం. ఊరూరా నల్లా నీళ్లలో, పాత బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో నెలనెలా పరీక్షించి, ఆ రెండు అంకెలూ పంచాయతీ గోడ మీద రాయించండి. ఎవరో వచ్చి సమాచార హక్కు దరఖాస్తు పెట్టేదాకా ఆగొద్దు. రిపోర్టు ఆఫీసు ఫైల్లో ఉంటే ఊరికేం తెలుస్తుంది? గోడ మీద రాయడానికి డబ్బా రంగు, ఒక కుంచె చాలు. కింద ఏఈ సంతకం ఉండాలి, తేదీ వేయాలి.