ఎస్‌ఎస్‌ఎల్‌కు వేరే డబ్బు కట్టకండి!

బడుల యాజమాన్యాలకు, దుకాణదారులకు, వెబ్‌సైట్లు చేసిచ్చే యువకులకు విజ్ఞప్తి!

మన పట్టణంలో ఒక బడి ఆన్‌లైన్ అడ్మిషన్లు మొదలుపెట్టింది. ఫారం తెరిస్తే పైన 'నాట్ సెక్యూర్' అని కనబడింది. అప్పటికే ఎందరో తల్లిదండ్రులు పిల్లల ఆధార్ నంబర్లు, పుట్టిన తేదీలు నింపి పంపేశారు. అవన్నీ దారిలో ఎవడైనా చదవగలిగేలా వెళ్లాయి. హోస్టింగ్ కంపెనీని నిలదీస్తే, "ఎస్‌ఎస్‌ఎల్ మీ ప్యాకేజీలో లేదు, కావాలంటే విడిగా కొనుక్కోండి" అన్నారు.

దేనికి కొనాలి? లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరి నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు, అంటే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా పంపే పద్ధతికి, కావలసిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లను ఎవరికైనా ఉచితంగా ఇస్తోంది. గడువు తీరేలోపు కొత్తది తెచ్చుకునే పని సర్వర్‌లోని ప్రోగ్రామే చూసుకుంటుంది. మనిషి వేలు పెట్టక్కర్లేదు. ఉచితంగా దొరికేదాన్ని తెచ్చి మన భయానికి ధర కట్టి అమ్ముతున్నారు. తలుపు అమ్మి, గడియకు వేరే బిల్లు రాసేవాణ్ణి బజారులో ఒక్కరోజైనా నిలవనిస్తామా?

హెచ్‌టీటీపీఎస్ సర్వర్‌కు భారం అంటారు. 2010 జనవరిలో జీమెయిల్ అందరికీ హెచ్‌టీటీపీఎస్ పెట్టినప్పుడు అదనంగా ఒక్క యంత్రం కూడా అవసరపడలేదని గూగుల్ ఇంజనీరే చెప్పారు. ఖరీదైన సర్టిఫికెట్‌తో సమాచారానికి కాపుదల ఎక్కువ అంటారు. అబద్ధం. అది సంస్థ పేరును సరిచూస్తుంది, అంతే.

'ఇష్టమైతే తీసుకోండి' అంటే ఏమవుతుందో ఫేస్‌బుక్ విషయంలోనే తేలింది. 2010 అక్టోబరులో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ ప్రోగ్రామ్ వచ్చాక, ఒకే ఓపెన్ వైఫైలో ఉన్నవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒకటి రెండు క్లిక్‌లతో దూరడం ఎవరికైనా చేతనైంది. 2011లో ఫేస్‌బుక్ హెచ్‌టీటీపీఎస్‌ను ఐచ్ఛికంగా ఇచ్చింది. అందరికీ తానే పెట్టేసరికి 2013 అయింది. అందాకా సెట్టింగులు వెతుక్కోవడం తెలియని మామూలు జనానికి దిక్కు లేదు.

ఇక్కడ జరిగేది అంతకన్నా ఘోరం. బేరమాడేది హోస్టింగ్ కంపెనీ, బడి యాజమాన్యం. బయటపడేది పిల్లల వివరాలు. ఆ బేరంలో తల్లిదండ్రుల్ని ఒక్క మాట అడిగినవాడు లేడు. దీన్ని దోపిడీ అనే పిలవాలి!

అందుకే:

• రెన్యువల్‌కు ముందు, హెచ్‌టీటీపీఎస్ అసలు ధరలోనే ఉందని రాయించుకోండి.
• వేరే డబ్బు అడిగితే డొమైన్‌తో సహా బయటికి వచ్చేయండి. ఉచితంగా ఇచ్చేవాళ్లు ఉన్నారు.
• డిజైనర్లారా, హెచ్‌టీటీపీఎస్ లేని సైటును ఎవరికీ అప్పగించకండి.
• యాజమాన్యాలారా, హెచ్‌టీటీపీఎస్ వచ్చేదాకా ఆన్‌లైన్ ఫారాలు మూసేసి కాగితం మీద తీసుకోండి.
• తల్లిదండ్రులారా, 'నాట్ సెక్యూర్' అని ఉంటే ఒక్క అంకె కూడా నింపకండి. నేరుగా ఆఫీసుకెళ్లి నిలదీయండి.

రక్షణ అసలు ధరలోనే ఉండాలి. అది లేని ప్యాకేజీని ఎవరూ కొనకండి, ఎవరిచేతా కొనిపించకండి!